సీఎంఐఎస్ కనెక్టరా, సొంత ఏపీఐ కనెక్టరా: మిర్చి ఎగుమతి కార్యాలయానికి ఏది మేలు?

గుంటూరు నుంచి ఒక కంటైనరు మిర్చి విదేశానికి బయలుదేరే నాటికి దాని వెంట చేరే కాగితాలు తక్కువేమీ కాదు. యార్డులో కమీషన్ ఏజెంటు ఇచ్చిన పట్టీ, కోల్డ్ స్టోరేజీ బాండు, అఫ్లాటాక్సిన్, సుడాన్ రంగుల పరీక్షల నివేదికలు, ఫైటోశానిటరీ సర్టిఫికెట్, ఇన్వాయిసు, బిల్ ఆఫ్ లేడింగ్, ఇవన్నీ ఒకే లాటు నంబరుకు చెందినవే అయినా ఒక్కచోట ఉండవు. నేను పనిచేసిన ఒక ఎగుమతి సంస్థలో పాత పత్రాలు కార్యాలయంలోని ఆల్‌ఫ్రెస్కో అనే పత్రాల నిర్వహణ సర్వర్లోను, కొత్తవి మైక్రోసాఫ్ట్ వారి షేర్‌పాయింట్ ఆన్‌లైన్‌లోను ఉండేవి. జీఎస్టీ లెక్కలను వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు, కంపెనీ ఖాతా పుస్తకాలను 8 ఆర్థిక సంవత్సరాలు భద్రపరచాలని చట్టాలు చెబుతున్నందున పాతవాటిని తీసివేసే వీలు లేదు. లాటు నంబరు కొట్టగానే రెండు చోట్ల ఉన్న పత్రాలూ కనిపించాలని యాజమాన్యం కోరింది. పత్రాల సర్వర్ నుంచి వివరాలు తీసుకుని సెర్చ్ ఇండెక్సుకు (వెతకడానికి వీలుగా పత్రాల్లోని మాటలను ముందే పేర్చి పెట్టుకునే సూచికకు) అందించే కనెక్టరు అవసరం అక్కడే వచ్చింది.

అందరికీ మొదట తట్టే మార్గం, పత్రాలన్నిటినీ రోజూ రాత్రి ఒక ఫోల్డరులోకి దించి, ఆ ఫోల్డరును ఇండెక్స్ చేయడం. ఒక సాయంత్రంలో తేలిపోయే పని ఇది. అయితే ఎవరు ఏ పత్రం చూడవచ్చునన్న సమాచారం ఆ దించడంలోనే రాలిపోతుంది, సర్వర్లో తొలగించిన పత్రం ఫోల్డరులో అలాగే మిగిలిపోతుంది, లోతైన ఫోల్డర్లలోని పొడుగు పేర్లు విండోస్ పాత పరిమితి అయిన 260 అక్షరాలు దాటి మొరాయిస్తాయి. అందరూ చూడదగిన ధరల పట్టికలకో, కరపత్రాలకో తప్ప దీన్ని నేను సిఫారసు చేయను.

ఇక అసలు పోటీ మిగతా రెండింటి మధ్యనే: ఒకటి సీఎంఐఎస్, రెండోది ఆయా వ్యవస్థ తయారీదారే ఇచ్చే సొంత ఏపీఐ, అంటే బయటి ప్రోగ్రాములు ఆ వ్యవస్థను సమాచారం అడిగే దారి. సీఎంఐఎస్ అనేది వేర్వేరు పత్రాల సర్వర్లను ఒకే తీరులో అడిగేందుకు ఒయాసిస్ అనే ప్రమాణాల సంస్థ 2010లో ఆమోదించిన ప్రమాణం. 2013లో వచ్చిన 1.1 కూర్పులో జేసన్ అనే తేలికపాటి డేటా రూపంలో మాట్లాడే బ్రౌజర్ బైండింగ్ అనే అనుసంధాన పద్ధతి కూడా చేరింది. ఆల్‌ఫ్రెస్కో, ఫైల్‌నెట్, డాక్యుమెంటమ్ వంటి వేర్వేరు కంపెనీల వ్యవస్థలు ఈ ప్రమాణాన్ని పాటిస్తాయి కాబట్టి, ఒకసారి రాసుకున్న కనెక్టరును రేపు సర్వర్ మారినా కొద్దిపాటి సవరణలతో వాడుకోవచ్చు. ఫోల్డరు చెట్టు, పత్రం, దాని కూర్పులు, గుణాలు, అన్నీ ఒకే తీరులో వస్తాయి. ఈ సౌలభ్యం నిజమైనదే.

చిక్కల్లా రెండో రోజు నుంచి మొదలవుతుంది. నిన్నటి నుంచి మారినవి మాత్రమే ఇమ్మని అడగడానికి సీఎంఐఎస్‌లో మార్పుల చిట్టా ఉంది కానీ, దాన్ని ఇవ్వడం ఇవ్వకపోవడం సర్వర్ ఇష్టం. ఆల్‌ఫ్రెస్కోలో ఆడిట్‌తో (ఎవరు ఏమి చేశారో నమోదు చేసే ఏర్పాటుతో) పాటు ఈ చిట్టాకు సంబంధించిన సెట్టింగును కూడా విడిగా ఆన్ చేయాలి. మేము దాన్ని గమనించనందువల్ల కనెక్టరు ప్రతి రాత్రీ మొత్తం పత్రాలను మొదటి నుంచి చదువుతూ, ఉదయం గుమాస్తాలు వచ్చే సరికి కూడా పని ముగించేది కాదు.

అంతకన్నా లోతైన లోపం అనుమతుల దగ్గర బయటపడింది. కొనుగోలు రేట్ల పట్టిక చూసే హక్కు ఫలానా గ్రూపుకు ఉందని సీఎంఐఎస్ చెప్పగలదు. ఆ గ్రూపులో ఎవరెవరున్నారో చెప్పే ఏర్పాటు ఆ ప్రమాణంలోనే లేదు. మేము మొదట్లో అడ్మిన్ లాగిన్‌తో అన్నీ లాగి, అనుమతుల సంగతి తరువాత చూద్దామని ఊరుకున్నాము. డిస్పాచ్ విభాగంలోని ఒక అబ్బాయి తేజ రకం లాటు నంబరు కొట్టగా, ల్యాబ్ నివేదికతో పాటు ఆ లాటును క్వింటాలుకు ఎంతకు కొన్నామన్న కాగితం కూడా జాబితాలో వచ్చింది. ఫైలు తెరవబోతే ఆల్‌ఫ్రెస్కో అడ్డుకున్నది నిజమే గానీ, ఫలితం కింద చూపే రెండు వరుసల్లోనే రేటు కనిపించిపోయింది. తలుపుకు తాళం వేసి కిటికీ తెరిచి ఉంచినట్టయింది మా పని.

సొంత ఏపీఐ మార్గంలో ఈ ఖాళీ పూడుతుంది. ఆల్‌ఫ్రెస్కోకు వెబ్ ద్వారా పనిచేసే రెస్ట్ ఏపీఐ ఉంది, దాన్ని ఒక వ్యక్తి ఏయే గ్రూపుల్లో ఉన్నాడని అడగవచ్చు. షేర్‌పాయింట్ ఆన్‌లైన్ విషయంలోనైతే సీఎంఐఎస్ ప్రసక్తే లేదు, మైక్రోసాఫ్ట్ సొంత ఏపీఐ అయిన గ్రాఫ్ ద్వారానే వెళ్లాలి. గ్రాఫ్‌లోని డెల్టా ప్రశ్న, మారిన ఫైళ్లతో పాటు తొలగించినవాటిని కూడా చెబుతుంది కనుక రెండో రోజు బాధ చాలావరకు తీరుతుంది. అనుమతి కోరేటప్పుడు సంస్థలోని అన్ని సైట్లనూ చదివే హక్కు అడగకుండా, ఎంపిక చేసిన సైట్లకే పరిమితమైన హక్కు అడగడం మంచిది. అడిగినన్నిసార్లు బదులిచ్చే ఔదార్యం గ్రాఫ్‌కు లేదు; మరీ తొందరపెడితే 429 అనే జవాబుతో పాటు ఎన్ని సెకన్లు ఆగాలో కూడా చెబుతుంది. ఆ మాట వినని కనెక్టరు మరింత వెనకబడుతుంది. కనెక్టరుకు ఇచ్చే రహస్య కీ గడువు మైక్రోసాఫ్ట్ పోర్టల్‌లో ఎంత పెంచినా 24 నెలలే కాబట్టి, ఆ తేదీని అకౌంటెంటు గోడ క్యాలెండరులో కూడా రాయించాను. నవ్వారు గానీ చెరపలేదు.

సొంత ఏపీఐకి ఉన్న ప్రతికూలత, వ్యవస్థ మారితే కనెక్టరును మళ్లీ రాసుకోవాలి. పాత తెలుగు ఉత్తరాల విషయంలో మాత్రం ఏ మార్గమూ మేలు కాదు. అను ఫాంట్లలో టైపు చేసిన ఫైలును ఏ కనెక్టరు తెచ్చినా, యూనికోడ్‌లోకి మార్చనంతవరకు ఇండెక్సులో చేరేది అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలే.

నా తీర్పు ఇది. ఆల్‌ఫ్రెస్కో ఒక్కటే ఉండి, దాన్ని మార్చే ఆలోచన లేని సంస్థ నేరుగా దాని రెస్ట్ ఏపీఐనే వాడుకోవడం మేలు. సీఎంఐఎస్ వాడినా గ్రూపుల కోసం ఎలాగూ అక్కడికే రావాలి. రెండు మూడు కంపెనీల వ్యవస్థలు నడుపుతున్నవారికి, లేదా రెండేళ్లలో మరోదానికి మారబోతున్నవారికి, పత్రాలు తేవడానికి సీఎంఐఎస్, గ్రూపులు తెలుసుకోవడానికి సొంత ఏపీఐ అన్న జంట ఏర్పాటు నప్పుతుంది. మేము చివరికి ఆల్‌ఫ్రెస్కో వైపు ఈ జంటనే ఉంచాము, ఎందుకంటే ఆ పాత సర్వర్ బదులు ఏది కొనాలో ఇంకా తేలలేదు. షేర్‌పాయింట్ వైపు గ్రాఫ్‌కు ప్రత్యామ్నాయం వెతకలేదు.

ఏది ఎంచుకున్నా, వాడుకలోకి తెచ్చే ముందు డిస్పాచ్ లాగిన్‌తో కూర్చుని, రేట్ల పట్టికలో తప్ప మరెక్కడా లేని ఒక మాటను వెతకండి. ఫలితాలు సున్నా రావాలి. తరువాత ఒక నమూనా పత్రాన్ని తొలగించి, మరుసటి ఉదయం దాని పేరుతో వెతకండి. ఇక మొత్తం పత్రాలను మొదటిసారి చదివించే పనిని, యార్డుకు రోజూ వేల టిక్కీలు (మిర్చి బస్తాలు) దిగే మార్చి నెలలో పెట్టుకోకండి. మేము వేసవి సెలవులకు యార్డు మూసిన తరువాతనే మొదలుపెట్టాము. సర్వర్ నెమ్మదించినా అడిగేవారు లేరు.