గుంటడిని హాస్టల్ స్కూల్లో వేసి ఏడాది కావొస్తోంది, 5కి 3 ఇస్తాను

ముందే చెప్తన్నాను, స్కూలు పేరు రాయను. పిల్లోడు ఇంకా అక్కడే చదువుతున్నాడు, రేపు ఎవరో ఇది చూసి ఫలానా వాడి అమ్మ రాసింది అని వాడి మీద పడితే నాకెందుకొచ్చిన గొడవ. విజయనగరం దాటాక హైవేకి కాస్త లోపలికి ఉంటాది, పెద్ద గేటు, గేట్లో సరస్వతి విగ్రహం, ఆఫీసు రూముకి ఏసీ. అలాంటివి ఆ రోడ్డులో చాలా ఉన్నాయి కాబట్టి మీరు కనిపెట్టలేరు లెండి. మాది నరసన్నపేట పక్క పల్లె. మా ఆయన లారీ మీద ఉంటారు, నెలకి వారం పది రోజులే ఇంటి దగ్గర. నేను మిషను కుడతాను.

ఎందుకు వేసామో నిజం చెప్పాలి కదా, ఫోను. చుట్టాలందరికీ చదువు కోసం అని చెప్పాం గానీ అసలు సంగతి ఫోనే. ఎనిమిదిలో ఉండగా ఫ్రీ ఫైర్ గేమ్ మొదలెట్టాడు, రాత్రి ఒంటిగంటకి కూడా దుప్పటి లోపల్నుంచి వెలుగు కనిపించేది, లాక్కుంటే అన్నం మానేసేవాడు, ఒకరోజు అడ్డొచ్చిన వాళ్ళ నానమ్మ మీద చెయ్యెత్తాడు, అదిగో ఆ రాత్రే మా ఆయన ఫోన్లో అన్నారు హాస్టల్లో పడేద్దాం దారికొస్తాడు అని. స్పీకర్లో ఉంది, గుంటడు విన్నాడు. "నన్ను పడేస్తారా" అని అడిగాడు నన్ను. ఏటి చెప్పను.

గవర్నమెంటువి చూడలేదా అంటే చూసాం, లేటుగా. కోరుకొండ సైనిక్ స్కూలు ఉంది కదా, 1962లో పెట్టింది, విజయనగరం రాజావారు పి.వి.జి. రాజు గారు ఇచ్చిన ప్యాలెస్‌లో మొదలైంది, ఇప్పుడు ఆడపిల్లల్ని కూడా తీసుకుంటున్నారు. దానికి 6లో గానీ 9లో గానీ ఎంట్రెన్స్ రాసి ఎక్కాలి. వెన్నెలవలస నవోదయ అయితే 6లో ఎక్కాలి, 9లో ఖాళీ సీట్లుంటే మళ్ళీ పరీక్ష. నవోదయలో చదువు, తిండి, హాస్టల్ అన్నీ ఫ్రీ, 9 నుంచి మగపిల్లలకి నెలకి 600 కట్టించుకుంటారు, ఆడపిల్లలకీ ఎస్సీ ఎస్టీలకీ బీపీఎల్ వాళ్ళకీ అదీ లేదు. కానీ వీటికి ముందు ఏడాది దసరా దీపావళి టైములోనే అప్లై చెయ్యాలి, మేం మేలుకున్నది మే నెలలో. ఇంక ప్రైవేటే గతి.

ప్రైవేటు వాళ్ళు మనల్ని వెతుక్కునే పనిలేకుండా వాళ్ళే ఇంటికొస్తారు. పీఆర్వో, అంటే స్కూలు తరపున పిల్లల్ని చేర్పించడానికి తిరిగేవాడు, బండేసుకుని వచ్చి 1,20,000 అన్నాడు, మా ఆయన చీరల షాపులో బేరం ఆడినట్టు ఆడితే 95,000కి దిగాడు, అంత తేలిగ్గా దిగినప్పుడే అనుమానం రావాల్సింది. తర్వాత ఒక్కోటీ బయటికొచ్చాయి, పుస్తకాలు యూనిఫాం 14,000, కాషన్ డిపాజిట్ 5,000, చాకలికి వేరే, కటింగుకి వేరే, ట్రంకు పెట్టె పరుపు బకెట్టు మనవే. మా వీధి పిల్లాడు ఒకడు మధ్యలో మానేసాడు, వాళ్ళ డిపాజిట్ ఇప్పటికీ రాలేదు, ఎప్పుడు ఫోన్ చేసినా అకౌంటెంట్ లీవులోనే ఉంటాడట.

చేర్చడానికి వెళ్ళిన రోజు మాకు నాలుగు మంచాల రూము చూపించారు. మావాడు పడుకునేది 14 మంది ఉన్న హాల్లో, రెండు బాత్రూములు. కిటికీకి దోమల మెష్ లేదు. "వారంలో వేయించేస్తాం మేడమ్" అన్నారు జూన్లో. నేను చెప్పేదేటంటే ఆఫీసులో కూర్చుని సంతకం పెట్టొద్దు, మీ పిల్లాడి మంచం ఏదో చూపించమనండి, దాని మీద ఓ ఐదు నిమిషాలు కూర్చోండి, ఫ్యాన్ గాలి తగులుతుందో లేదో తెలుస్తుంది. వీలైతే రాత్రి భోజనం టైములో వెళ్ళండి, పగలు ఎవరైనా బాగానే కనిపిస్తారు.

తిండి మరీ అన్యాయం కాదు. ఆదివారం చికెను, బుధవారం గుడ్డు, సాంబారు మాత్రం నీళ్ళలా ఉంటాదట. నేను పట్టుకెళ్ళిన ఆవకాయ సీసా ఒక్క రాత్రిలో అయిపోయింది, 14 మందికి పంచేసాడు, చెప్పొద్దూ అది వినగానే నాకు సంతోషమే వేసింది.

ఫోన్ మాత్రం దారుణం. వారానికి ఒకసారి ఆదివారం మూడు నిమిషాలు, వార్డెన్ ఫోన్లో, వార్డెన్ పక్కనే నిలబడి ఉంటాడు. అలా ఉంటే ఏ పిల్లాడు ఏం చెప్తాడు, బాగున్నానమ్మా తిన్నానమ్మా అంతే. ఇలా ఉంటుందని మా అప్ప ముందే చెప్పింది, అందుకని నేనూ మావాడూ ఓ మాట అనుకున్నాం, ఏదైనా తేడా ఉంటే ఆవు ఈనిందా అని అడగాలి. మాకు ఆవు లేదు. జూలైలో ఓ ఆదివారం అంతా మామూలుగా మాట్లాడి పెట్టేసే ముందు "అమ్మా, మన ఆవు ఈనిందా" అన్నాడు. నాకు కాళ్ళు చేతులు ఆడలేదు. తెల్లారి మొదటి బస్సుకి శ్రీకాకుళం కాంప్లెక్స్, అక్కడ మారి విజయనగరం, అక్కడి నుంచి ఆటో. (2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో టికెట్ లేదు గానీ అప్పటికి ఉంది.) వెళ్తే పిక్క మీద వాత. రాత్రి స్టడీ అవర్లో పక్కోడితో మాట్లాడాడని ప్లాస్టిక్ పైపుతో కొట్టాడట ఫ్లోర్ ఇన్‌చార్జి.

ప్రిన్సిపాల్ గారు ముందు "క్రమశిక్షణ అమ్మా, మీరే కదా గట్టిగా ఉంచమన్నారు" అన్నారు. నిజమే, మేమే అన్నాం. కానీ 2009 విద్యా హక్కు చట్టంలో 17వ సెక్షన్ ఉంది, పిల్లల్ని కొట్టడం, మానసికంగా వేధించడం రెండూ నిషేధమే, అది మా అప్ప కూతురు నా ఫోన్లోకి పంపించింది, చదివి వినిపించాను, ఇప్పుడే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చేస్తానన్నాను. అప్పుడు దారికొచ్చారు. ఆ ఇన్‌చార్జిని ఆ ఫ్లోర్ నుంచి తీసేసారు, తర్వాత మళ్ళీ కొట్టలేదు. అందరి ముందు పరువు తీసావని మావాడు నా మీద రెండు వారాలు అలిగాడు, అది వేరే కథ.

చదువు దగ్గర మాత్రం వంక పెట్టక్కర్లేదు. లెక్కల్లో 38 వచ్చేవి, ఇప్పుడు 71. లెక్కల సారు ఓపికమంతుడు, రాత్రి 9కి కూడా డౌట్ అడిగితే విసుక్కోడంట. పొద్దున్న 5కి లేపుతారు, రాత్రి 10కి లైట్లు ఆపుతారు. బట్టలు ఉతుక్కోవడం వచ్చింది, దస్తూరి కుదిరింది. పదో తరగతిలో మంచి మార్కులొస్తే ఎచ్చెర్ల ట్రిపుల్ ఐటీలో ఆరేళ్ళ కోర్సులో సీటు రావొచ్చు, మార్కులు చూసే తీసుకుంటారు కదా, ఆ ఆశ ఒకటుంది మాకు.

మరి 3 ఎందుకు అంటే, దసరాకి ఇంటికొచ్చినప్పుడు చూసాను వాడిని. అన్నం పెడితే ఐదారు నిమిషాల్లో తినేసి, నేను కూర వడ్డించేలోపే కంచం కడిగేసాడు. నడుమ ఒకసారి నీళ్ళు కావాల్సొచ్చి చెయ్యెత్తాడు, మా ఇంట్లో, నా వంటింట్లో. వాళ్ళ నానమ్మ నవ్వింది, నాకు నవ్వు రాలేదు. స్నానానికి వెళ్తే మొలతాడుకి ట్రంకు పెట్టె తాళం చెవి కట్టి ఉంది, ఇంట్లో కూడా విప్పలేదు, ఎందుకురా అంటే అలవాటయిపోయింది అన్నాడు.

అంతా చేసి మూడో రోజుకి ఫోను. ఇదివరకు కంటే ఎక్కువ. నాలుగు నెలల ఆకలి ఒకేసారి తీర్చుకుంటున్నట్టు రాత్రంతా. అంటే 95,000 పెట్టి మేం ఫోను మాన్పించలేదు, దాన్ని నాలుగు నెలలు బీరువాలో పెట్టి తాళం వేసామంతే. ఫోను కోసం హాస్టల్లో వేద్దామనుకునే వాళ్ళు ఈ ఒక్కటి గట్టిగా ఆలోచించుకోండి. చదువు కోసం అయితే వెయ్యొచ్చు, అదీ పిల్లాడు సరే అంటేనే.

సంక్రాంతికి మా ఆయన పది రోజులు ఉన్నారు. ఒక లోడు ఇచ్ఛాపురం దాకా ఉంటే వాడిని క్యాబిన్లో ఎక్కించుకుని తీసుకెళ్ళారు. పలాసలో టీ తాగారట, సోంపేట దగ్గర టైరు పంచరయితే ఇద్దరూ మార్చారట, వచ్చి వాడే చెప్పాడు, చేతులకి గ్రీజు. ఆ రెండు రోజులూ ఫోను ఇంట్లో చార్జింగులోనే ఉంది, ఎవరూ దాచలేదు.

ఇప్పుడు పదో తరగతి అక్కడే చదువుతానంటున్నాడు, ఫ్రెండ్స్ ఉన్నారు, లెక్కల సారు ఉన్నారు. ఈసారి వాడే అడిగాడు కాబట్టి సరే అన్నాం, నెలకి రెండుసార్లు నేను వెళ్ళి కలిసేలా మాట్లాడుకున్నాం. ఏడులో ఉన్న మా పిల్లని కూడా వెయ్యమని పోయిన వారం ఆ పీఆర్వోయే మళ్ళీ వచ్చాడు, ఇద్దరికి డిస్కౌంట్ ఇస్తాడట. కాఫీ ఇచ్చి పంపించేసాను. వెళ్తూ ఉంటే అడిగాను, బాబూ ఆ కిటికీకి మెష్ వేసారా అని. వారంలో వేయించేస్తాం మేడమ్ అన్నాడు.