డిలేడ్ స్టార్టా, డిపెండెన్సీనా: బూట్‌లో లేవని సర్వీసుకి ఏది మేలు?

బాబాయ్ మందుల షాపులో పొద్దున తొమ్మిదింటికి కంప్యూటర్ ఆన్ చేస్తే చాలు, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ‘సర్వర్ కనెక్ట్ కాలేదు’ అని మొండికేసేది. సర్వీసెస్ విండో తెరిచి దాని సర్వీసు (తెర వెనక నడిచే ప్రోగ్రామ్) మీద రైట్ క్లిక్ కొట్టి స్టార్ట్ అంటే మాత్రం ఠక్కున లేచేది. అంటే సర్వీసు బాగానే ఉంది, బూట్ అయ్యేటప్పుడే ఏదో తేడా.

ఏ సెట్టింగూ ముట్టుకోకముందు ఈవెంట్ వ్యూయర్‌లో సిస్టమ్ లాగ్ (విండోస్ రాసుకునే చిట్టా) చూశాను. ఎర్రర్ నంబర్ 7009, వెంటనే 7000. సర్వీసు 30000 మిల్లీసెకన్లలో, అంటే 30 సెకన్లలో, జవాబివ్వలేదని విండోస్ దాన్ని వదిలేసింది. అక్కడ 7038 కనిపిస్తే కథ వేరు: సర్వీసు వాడే అకౌంట్ పాస్‌వర్డ్ ఎవరో మార్చి ఉంటారు. లాగాన్ ట్యాబ్‌లో కొత్తది కొడితే సరి, కింద చెప్పేవేవీ అక్కర్లేదు.

అందరూ ముందు చెప్పేది ‘ఆటోమేటిక్ డిలేడ్ స్టార్ట్’. విండోస్ విస్టా నుంచీ ఉంది. మామూలు ఆటోమేటిక్ సర్వీసులన్నీ లేచాక, సుమారు రెండు నిమిషాలు ఆగి దీన్ని లేపుతుంది. నేనూ ముందు అదే పెట్టాను. పని చేసింది, కానీ కౌంటర్ దగ్గర మనుషులు నిలబడి ఉంటే రెండు నిమిషాలంటే మాటలా? ‘ఇంకా రాలేదేంట్రా’ అని రోజూ ఫోన్. పైగా పాత హార్డ్ డిస్క్ ఏ రోజు ఎంత నిదానిస్తుందో తెలీదు కదా. ఆ రెండు నిమిషాలూ ఉత్త అంచనా.

అసలు సంగతి, బిల్లింగ్ సర్వీసు డేటాబేస్ సర్వీసు కంటే ముందే లేచి దాని కోసం ఎదురుచూస్తోంది. అలాంటప్పుడు కావాల్సింది వరస, అంటే డిపెండెన్సీ. అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్‌లో ‘ఎస్‌సీ కాన్ఫిగ్’, బిల్లింగ్ సర్వీసు పేరు, ‘డిపెండ్’, ఈక్వల్స్ గుర్తు, ఒక ఖాళీ, డేటాబేస్ సర్వీసు పేరు. ఆ ఖాళీ మర్చిపోతే కమాండ్ పనిచేయదు, నాకు పావుగంట పట్టింది కనిపెట్టడానికి! పేరు కూడా జాబితాలో కనిపించేది కాదు, ప్రాపర్టీస్‌లో పైన ‘సర్వీస్ నేమ్’ అని ఉండేది. ఇంకో జాగ్రత్త: ఈ కమాండ్ పాత డిపెండెన్సీలను చెరిపేసి కొత్తవి రాస్తుంది. ముందు ‘ఎస్‌సీ క్యూసీ’తో ఉన్నవి చూసుకుని, వాటినీ కలిపి మధ్యలో ఫార్వర్డ్ స్లాష్ (/) పెట్టి ఇవ్వాలి. దీనికీ ఒక చిక్కుంది. డేటాబేస్ లేవకపోతే బిల్లింగూ లేవదు, లాగ్‌లో 7001 పడుతుంది. కనీసం తప్పెవరిదో తెలుస్తుంది.

రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోటు) 30 సెకన్ల గడువుని 60000 మిల్లీసెకన్లకు పెంచడం మూడో దారి. అది అన్ని సర్వీసులకూ వర్తిస్తుంది కాబట్టి, ఎవరి మీదా ఆధారపడని సర్వీసు కూడా నెమ్మదిగా లేస్తుంటే తప్ప నేను దాని జోలికి పోను. ఇక రికవరీ ట్యాబ్, సర్వీసు పడిపోతే ఏం చేయాలో చెప్పేది, లేచాక పడిపోయే సర్వీసులకే.

ఏది మార్చినా రీస్టార్ట్ చేసి చూడండి. ఫాస్ట్ స్టార్టప్ (కంప్యూటర్ త్వరగా ఆన్ కావడానికి పెట్టే సెట్టింగ్) ఉన్నచోట షట్‌డౌన్ చేసి ఆన్ చేస్తే పూర్తి బూట్ జరగదు. షాపులో అది ఆఫ్‌లోనే ఉంది.

డిలేడ్ స్టార్ట్‌ని చివరికి బ్యాకప్ సర్వీసుకి పెట్టాను, అదెప్పుడు లేచినా ఎవరూ అడగరు. బిల్లింగ్ ఇప్పుడు బాబాయ్ అగరుబత్తి వెలిగించేలోపే తెరుచుకుంటోంది.