నల్లగొండలో ‘లోపలి భాగాల’ కౌన్సెలింగ్: పద్ధతి మంచిదే, తొందర తగ్గాలి

నల్లగొండలోని ఒక చిన్న కౌన్సెలింగ్ కేంద్రంలో వాడేది అమెరికా థెరపిస్టు రిచర్డ్ ష్వార్ట్జ్ 1980లలో రూపొందించిన ఐఎఫ్‌ఎస్ (ఇంటర్నల్ ఫ్యామిలీ సిస్టమ్స్) పద్ధతి. మనసులో గాయపడి దాక్కున్న భాగాలు, వాటికి కాపలా కాసే భాగాలు ఉంటాయని దీని లెక్క. అదుపు తప్పకుండా అన్నీ పట్టి ఉంచేదీ, నొప్పి పొంగగానే మందు సీసా దిక్కు నడిపించేదీ కాపలా భాగాలే.

“ఆ భాగం మీద మీకేమనిపిస్తున్నది?” అని ఇక్కడి కౌన్సెలర్లు ఓపికగా అడుగుతారు, అది మెచ్చుకోవాలి. జవాబు చిరాకుగా వస్తే మాట్లాడేది మరో భాగమన్నట్టే. దాన్ని కాస్త పక్కకు జరగమని కోరాలి.

లోపమల్లా, రెండో సెషన్‌కే చిన్ననాటి గాయం దాకా పోతున్నారు. కాపలా భాగం ఒప్పుకోకముందే తలుపు తోస్తే, ఇంటికి పోయినంక తాగుడు ఇంకా పెరగొచ్చు. “పక్కకు జరిగితే ఏమవుతుందని భయం?” అని ముందు దాన్నే అడగాలి.

ఆత్మహత్య ఆలోచనలుంటే అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు వెంటనే ఫోన్ చేయండి.