నోమ్‌లో నాలుగు రోజులు: మునిగిపోయిన నేల అంచున

ఆసియాను, ఉత్తర అమెరికాను ఒకప్పుడు కలిపిన, బేరింగ్ భూవంతెన అని పిలిచే నేల జాడలు చూడాలని గత జూన్‌లో సియాటిల్ నుంచి ఆంకరేజ్ మీదుగా అలాస్కాలోని నోమ్‌కు వెళ్ళాము. ఆ ఊరికి బయటి నుంచి రోడ్డు లేదు కనుక ఖర్చులో పెద్ద వాటా విమానం టిక్కెట్లకే పోయింది.

వంతెన అనదగినదేదీ అక్కడ కంటికి కనిపించదు. సుమారు 20,000 ఏళ్ళ క్రితం ఎంతో నీరు మంచై నేలమీదే నిలిచిపోవడంతో సముద్రమట్టం ఇప్పటికంటే దాదాపు 120 మీటర్లు దిగువన ఉండేది. ఆ రెండు ఖండాల మధ్యనున్న బేరింగ్ జలసంధి లోతు యాభై మీటర్లకు అటూ ఇటూ మాత్రమే కాబట్టి దాని అడుగు బయటపడి, ఉత్తరం నుంచి దక్షిణానికి 1,600 కిలోమీటర్ల వరకు పరచుకున్న గడ్డిమైదానమైంది. అంత విశాలమైన ప్రదేశాన్ని వంతెన అనడమే నాకు విడ్డూరంగా తోచింది. మామత్‌లనే బొచ్చు ఏనుగులు, మనుషులు ఆసియా నుంచి ఇటు వచ్చారు. అమెరికా గడ్డమీద పుట్టిన గుర్రం అటు వెళ్ళింది. సుమారు 11,000 ఏళ్ళ క్రితం సముద్రం తిరిగి కమ్ముకుంది. ఊళ్ళోని జాతీయ పార్కుల శాఖ సందర్శక కేంద్రంలో ఇదంతా ఓపికగా వివరిస్తారు, ప్రవేశ రుసుము లేదు.

ఆ నేలలో మునగకుండా మిగిలిన భాగాన్ని కాపాడే సుమారు 27 లక్షల ఎకరాల జాతీయ రక్షిత ప్రాంతంలోకి మాత్రం రోడ్డు వెళ్ళదు. మేము మాట్లాడుకున్న చిన్న విమానం పొగమంచు వల్ల రెండు రోజులూ ఎగరలేదు. అందుకు తప్పుపట్టను గాని, బయానాలో సగం తిరిగి ఇవ్వకపోవడం నచ్చలేదు. బస కూడా అంతంతమాత్రమే: రాత్రి ఒంటిగంటకూ ఎండ కాసే ఊళ్ళో గది కిటికీకి పలచని తెర వేలాడదీసి ఊరుకున్నారు. సరుకులు విమానంలోనో, బార్జీ అనే సరుకుల పడవలోనో రావాలి కనుక కూరగాయల ధరలు మండిపోతాయి. మేము వెంట తీసుకెళ్ళిన బియ్యం, కందిపొడి, చిన్న కుక్కరు ఆదుకున్నాయి.

డబ్బుకు తగిన ఫలం దక్కింది టెల్లర్ గ్రామానికి వెళ్ళే 116 కిలోమీటర్ల కంకర రోడ్డు మీదనే. దారిలో కస్తూరి ఎద్దుల మంద కనిపించింది. హిమయుగాన్ని దాటి బతికిన ఈ జంతువు పంతొమ్మిదో శతాబ్దంలో అలాస్కాలో అంతరించగా, గ్రీన్‌లాండ్ నుంచి తెచ్చి పెంచిన మంద సంతతిని 1970లో నోమ్ ఉన్న ఈ సీవార్డ్ ద్వీపకల్పంలో వదిలారు. అవి రాసుకుపోయిన పొదలకు బూడిదరంగు ఉన్ని చిక్కుకుని ఉంది. వేళ్ళ మధ్య నలిపితే దూదికన్నా మెత్తగా, వెంటనే వెచ్చగా తగిలింది.

టెల్లర్‌లో హోటల్ ఉంటుందనుకోకుండా, నోమ్‌లోనే పెట్రోలు నిండుగా పోయించుకుని, భోజనం కట్టుకుని బయలుదేరాలి. మళ్ళీ వెళితే ఆ చిన్న విమానం జోలికి పోను, అద్దె కారునే ఇంకో రోజు ఉంచుకుంటాను.