ఫిల్మ్ సిటీ హోటలా, ఊళ్లో గదులా, అద్దె ఇల్లా: 14 మంది కుటుంబానికి ఏది మేలు?

తాతయ్య, నానమ్మ, ముగ్గురు కొడుకులూ కోడళ్లూ, ఆరుగురు పిల్లలు. మొత్తం 14 మంది. దసరా సెలవుల్లోనో, సంక్రాంతి అయ్యాకనో హైదరాబాద్ వచ్చి రామోజీ ఫిల్మ్ సిటీ ఒక రోజు, రైడ్ల పార్కు వండర్‌లా ఒక రోజు చూడాలనుకున్నారు. టికెట్ల సంగతి ఫోన్‌లో పది నిమిషాల్లో తేలిపోతుంది. ఎక్కడ దిగాలన్న చర్చ మాత్రం ఫ్యామిలీ వాట్సాప్ గ్రూప్‌లో వారం నడుస్తుంది. ఒకరు ఫిల్మ్ సిటీ లోపలే ఉందామంటారు. ఒకరు దిల్‌సుఖ్‌నగర్‌లో గదులు చవక అంటారు. ఇంకొకరు విల్లా ఫొటోలు పంపిస్తారు. ఇంతలో హైదరాబాద్‌లో ఉండే పిన్ని ఫోన్ చేసి "మా ఇల్లు పెట్టుకుని హోటల్లో దిగుతారా?" అని నిష్ఠూరమాడుతుంది.

నా అభిప్రాయం ముందే చెప్తాను. రైడ్లు ఎక్కేవాళ్లు పగలంతా తిరిగి వచ్చి ఎక్కడ చాప వేసినా నిద్రపోతారు. బస చూడాల్సింది రైడ్లు ఎక్కనివాళ్ల కోసం. మోకాళ్ల నొప్పులున్న నానమ్మ, మధ్యాహ్నం పడుకోకపోతే సాయంత్రానికి ఏడుపు అందుకునే మూడేళ్ల పాప, ఆ పాపని వదల్లేని తల్లి. మధ్యాహ్నం రెండు గంటలకి వీళ్ల ముగ్గురూ ఎక్కడ నడుం వాలుస్తారు? దీనికి సరిగ్గా సరిపోయే చోటే మంచి బస. రేటు, ఫొటోలు, స్విమ్మింగ్ పూల్ అన్నీ ఆ తర్వాత చూసుకోవచ్చు.

ముందు దూరాలు. ఫిల్మ్ సిటీ విజయవాడ హైవే మీద, హయత్‌నగర్ దాటాక, అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర ఉంది. వండర్‌లా రావిర్యాలలో, ఔటర్ రింగ్ రోడ్డు ఎగ్జిట్ 13 దగ్గర. ఒకటి ఊరికి తూర్పు అంచున, ఇంకొకటి దక్షిణపు అంచున. మెట్రో ఎల్‌బీ నగర్‌తో ఆగిపోతుంది, అక్కడి నుంచి ఫిల్మ్ సిటీకి ఇంకా 20 కిలోమీటర్ల దాకా ఉంటుంది. మంచి ఆఫర్ వచ్చింది కదా అని హైటెక్ సిటీలోనో బేగంపేటలోనో గదులు తీసుకుంటే, పొద్దున ఆఫీసు ట్రాఫిక్‌లో ఊరంతా దాటాలి, రాత్రి మళ్లీ అంతా దాటి రావాలి. పిల్లలు వ్యాన్‌లోనే నిద్రపోతారు, పెద్దవాళ్లకి కాళ్లు వాస్తాయి. అందుకే పడమటి వైపు హోటళ్లని నేను లెక్కలోకే తీసుకోవడం లేదు. మొయినాబాద్, శామీర్‌పేట వైపు ఫామ్‌హౌస్‌లూ అంతే. అవి చూడ్డానికి బాగుంటాయి, కానీ ఈ రెండు పార్కులకీ దూరం.

ఫిల్మ్ సిటీ లోపల ఉండడానికి ఒక్క హోటలే కాదు, చాలా రకాలున్నాయి. సితార ఖరీదైనది. తార దానికంటే అందుబాటులో ఉంటుంది. శాంతినికేతన్ ఇంకా తక్కువ ఖర్చులో. సహారా పెద్ద గుంపులకి, డార్మిటరీ పద్ధతిలో. 1996లో మొదలైన ఈ స్టూడియో 1,600 ఎకరాల పైచిలుకు. ప్రపంచంలోనే అతి పెద్ద ఫిల్మ్ స్టూడియోగా గిన్నిస్ రికార్డు దీనిదే. ఇంత జాగాని నడిచి చూడలేం కాబట్టి వాళ్ల బస్సుల్లోనే తిప్పుతారు. బస్సు ఎక్కడం, సెట్ దగ్గర దిగడం, చూడడం, మళ్లీ ఇంకో బస్సు కోసం ఎండలో నిలబడడం, రోజంతా ఇదే వరస. పిల్లలకి అదే సరదా. డెబ్బై ఏళ్ల మనిషికి మాత్రం నాలుగోసారి బస్సు మెట్లు ఎక్కేసరికి ఓపిక అయిపోతుంది. అప్పుడు అదే ప్రాంగణంలో ఒక గది, ఒక మంచం, ఒక ఫ్యాను ఉంటే ఆ రోజు ఆవిడకి కూడా మంచి రోజవుతుంది. మధ్యాహ్నం గంటన్నర పడుకుని సాయంత్రం చల్లబడ్డాక లేచి వస్తారు. బయట హోటల్లో దిగినవాళ్లకి ఈ వీలు లేదు. ఒక్కరు అలసిపోతే 14 మందీ వెనక్కి రావాలి, లేదా ఆవిడ ఏదో ఒక బెంచీ మీద సాయంత్రం దాకా కూర్చోవాలి.

అయితే ఇందులో చాలామంది గమనించని చిక్కొకటి ఉంది. ఎక్కువ కుటుంబాలు ముందు రోజు రాత్రికి గది తీసుకుంటాయి: రాత్రి దిగి, పడుకుని, తెల్లారి తిరుగుదాం అని. కానీ మర్నాడు మధ్యాహ్నానికల్లా చెకౌట్. అంటే సరిగ్గా నానమ్మకి మంచం కావాల్సిన వేళకి గది చేతిలో ఉండదు, సామానంతా వ్యాన్‌లో ఉంటుంది. తిరిగే రోజు రాత్రికే గది తీసుకోండి. పొద్దున నేరుగా వచ్చి, సామాను రిసెప్షన్‌లో పెట్టి, పర్యటన మొదలుపెట్టి, మధ్యాహ్నం చెకిన్ అవ్వచ్చు. విజయవాడ వైపు నుంచి వచ్చేవాళ్లకి ఇది మరీ అనుకూలం, ఎందుకంటే ఊళ్లోకి రాకముందే ఫిల్మ్ సిటీ తగులుతుంది. తెల్లవారుజామున బయల్దేరితే టిఫిన్ వేళ దాటేలోపు గేటు దగ్గర ఉంటారు. వరంగల్ వైపు వాళ్లు కూడా ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ ఎక్కి పెద్ద అంబర్‌పేటలో దిగితే ఊరి ట్రాఫిక్ తగలదు.

లోటు ఏమిటంటే తిండి, అవసరాలు. హోటల్‌వాళ్లు ఏది పెడితే అదే తినాలి. తాతయ్యకి రాత్రి జొన్న రొట్టె అలవాటైతే, పాపకి పదిన్నరకి పాలు కావాల్సి వస్తే, వీధి చివర కొట్టు ఉండదు. హైవే దాకా రావాలి. పైగా తలకింత అని లెక్క వేసే ప్యాకేజీల్లో 14 మందికి అయ్యే మొత్తం చూస్తే గుండె ఝల్లుమంటుంది. ఒక్క రాత్రికైతే పెట్టొచ్చు. వండర్‌లాకి కూడా ఇక్కడి నుంచే వెళ్లొద్దాం అని రెండో రాత్రి పొడిగించడం మాత్రం వృథా. ఆ రోజు మీకు ఫిల్మ్ సిటీతో పనే లేదు.

ఇక ఎల్‌బీ నగర్, కొత్తపేట, దిల్‌సుఖ్‌నగర్ హోటళ్లు. వీటి గొప్ప బలం బాత్‌రూములు, నవ్వకండి. 14 మంది, మనిషికి పావుగంట అనుకున్నా మూడున్నర గంటలు. ఇంట్లో రెండు బాత్‌రూములుంటే ఐదింటికి లేచినా చివరివాళ్లు తయారయ్యేసరికి పావు తక్కువ ఏడు, అదీ ఎవరూ ఆలస్యం చేయకపోతే. ఐదు గదులు తీసుకుంటే ఐదు బాత్‌రూములు, ముప్పావుగంటలో అందరూ కింద ఉంటారు. కిందికి దిగితే టిఫిన్ సెంటర్, మెడికల్ షాపు, ఏటీఎం. పెద్దవాళ్లు లేని బృందమైతే, అంటే అన్నదమ్ముల పిల్లలూ కాలేజీ వయసువాళ్లూ అయితే, నేను ఇదే తీసుకోమంటాను.

పన్ను విషయంలో కూడా గదులదే పైచేయి. 2025 సెప్టెంబర్ 22 నుంచి రోజుకి 7,500 రూపాయల దాకా ఉన్న గదికి జీఎస్టీ 5 శాతం, అది దాటితే 18 శాతం. ఈ లెక్క ఒక్కో గదికి విడివిడిగా వేస్తారు. ఉదాహరణకి రోజుకి నాలుగు వేల రూపాయల గదులు నాలుగు తీసుకుంటే 16,000 మీద 800 పన్ను. అదే 16,000కి ఒక విల్లా మొత్తాన్ని ఒకే యూనిట్‌గా బిల్లు చేస్తే 2,880. కాబట్టి విల్లాల రేటుని గదుల రేటుతో పోల్చేటప్పుడు పన్ను కలిపిన మొత్తాన్నే అడగండి.

కానీ వండర్‌లా రోజు ఈ హోటల్ గదులు ఏం చేస్తాయో ఆలోచించండి. వండర్‌లాలో పెద్దవాళ్లకి చూసే పని తప్ప చేసే పని పెద్దగా లేదు. చాలా ఇళ్లలో తాతయ్య, నానమ్మ "మీరు వెళ్లిరండి, మేం ఉంటాం" అంటారు. అప్పుడు వాళ్లకి మిగిలేది నాలుగు గోడలు, ఒక టీవీ, ఫోన్ చేస్తే పైకి వచ్చే భోజనం. పొద్దున తొమ్మిది నుంచి రాత్రి ఎనిమిది దాకా అలా ఉండిపోవాలి. సెలవుకని తీసుకొచ్చి అలా ఉంచడం నాకు మనసొప్పదు.

అద్దె ఇల్లు గెలిచేది సరిగ్గా ఇక్కడే. వనస్థలిపురం, బీఎన్ రెడ్డి నగర్ చుట్టుపక్కల రోజువారీ అద్దెకి మొత్తం ఫ్లోరో, చిన్న ఇండిపెండెంట్ ఇల్లో దొరికితే, ఈ రెండు పార్కుల ప్రయాణానికి అంతకంటే వాటమైన చోటు లేదు. ఒక పక్క విజయవాడ హైవే, ఇంకో పక్క సాగర్ రోడ్డు. సాగర్ రోడ్డు మీద బొంగుళూరు దాకా వెళ్లి ఔటర్ ఎక్కితే తర్వాతి ఎగ్జిటే రావిర్యాల. (బైకుల మీద వెనక వస్తామనే మేనల్లుళ్లకి ముందే చెప్పండి, ఔటర్ మీదకి టూవీలర్లని రానివ్వరు.) వనస్థలిపురంలో రైతుబజార్ ఉంది. పార్కుకి వెళ్లని రోజు తాతయ్య సంచి పట్టుకుని అక్కడికి వెళ్లి ఆకుకూరలు తెచ్చుకుంటారు, నానమ్మ తన చేత్తో పప్పుచారు పెట్టుకుంటుంది, పాప హాల్లో ఫ్యాను కింద పడుకుంటుంది. వాళ్లకి అది సెలవులాగే ఉంటుంది, ఎవరికోసమో ఎదురుచూస్తున్నట్టు ఉండదు.

రాత్రిళ్ల తేడా కూడా చెప్పాలి. హోటల్లో ఎనిమిదికల్లా ఎవరి గదిలోకి వాళ్లు పోతారు. ఇంట్లో హాల్లో పరుపులు పరిచాక పిల్లలు, మేనత్త, బాబాయి అందరూ ఒక్కచోటే. ఇంతమందిని కూడగట్టుకుని రావడంలో అసలు ఉద్దేశం అదే కదా. ఇంకో చిన్న సంగతి: వండర్‌లాలో నీళ్ల రైడ్లకి కాటన్ బట్టలు ఒప్పుకోరు, నైలాన్, పాలిస్టర్ వేసుకోవాలి. సాయంత్రానికి పదిమంది తడి బట్టలు సంచుల్లో ఉంటాయి. డాబా ఉన్న ఇంట్లో రాత్రికి రాత్రి ఆరిపోతాయి. హోటల్ గదిలో కుర్చీల మీద, తలుపుల మీద వేలాడతాయి.

ఒక్క షరతు. వంటిల్లు ఉంది కదా అని మూడు పూటలా కోడళ్ల చేత వండించేటట్టయితే అద్దె ఇల్లు వద్దే వద్దు. ముగ్గురు ఆడవాళ్లు ఊరు మారి అదే పొయ్యి ముందు నిలబడడానికి డబ్బు కట్టినట్టవుతుంది. పొద్దున టిఫిన్ బయటి నుంచి తెప్పించండి, రాత్రికి కుక్కర్‌లో అన్నం మాత్రం పెట్టి కూరలు కర్రీ పాయింట్ నుంచి తెచ్చుకోండి. హైదరాబాద్‌లో దాదాపు ప్రతి కాలనీలో ఒకటుంటుంది. గిన్నెలు కడగడానికి మనిషి వస్తుందా అని ఇంటి ఓనర్‌ని ముందే అడగండి.

అడగాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి. నాలుగుకి తక్కువ కాకుండా బాత్‌రూములున్నాయా, వాటిలో ఒకటైనా కింది అంతస్తులో, కమోడ్‌తో ఉందా? వేసవిలో అయితే నీళ్లు బోరు నుంచా, ట్యాంకర్ నుంచా, 14 మంది స్నానాలకి సరిపోతాయా? ఇన్సులిన్ పెట్టుకోవడానికి ఫ్రిజ్ పనిచేస్తోందా? టెంపో ట్రావెలర్ ఆపుకోవడానికి వీధి వెడల్పు చాలుతుందా, డ్రైవర్ పడుకోవడానికి చోటుందా? హోటళ్లలో డ్రైవర్లకి ఏర్పాటు ఉందో లేదో కూడా ఇలాగే ముందే కనుక్కోవాలి. రాత్రంతా సీట్లో ముడుచుకుని పడుకున్న మనిషి చేతిలో మర్నాడు మన పిల్లల్ని పెట్టి హైవే ఎక్కకూడదు.

పిన్ని ఇల్లు సంగతి. ప్రేమగా పిలిచేవాళ్లని కాదనడం కష్టం. కానీ రెండు బెడ్‌రూముల ఫ్లాట్‌లో 14 మంది అంటే ఆ ఇంటి ఇల్లాలికి నిద్ర ఉండదు. అపార్ట్‌మెంట్ నీళ్ల లెక్క తప్పుతుంది, పిల్లల పరీక్షలు పాడవుతాయి, అయినా ఆవిడ పైకి ఒక్క మాట అనదు. అందుకని అందరూ వెళ్లి ఒక పూట భోంచేసి రండి. పిన్ని నానమ్మకి చెల్లెలై, అక్కచెల్లెళ్లిద్దరూ కలిసి చాలాకాలమైతే, వండర్‌లా రోజు నానమ్మని అక్కడ దించి రాత్రి వచ్చేటప్పుడు తీసుకురండి. ఆ ఇంటికీ అది భారం కాదు, నానమ్మకి వండర్‌లాకంటే అదే పెద్ద సంబరం.

కాబట్టి పెద్దవాళ్లు, చంటిపిల్లలు ఉన్న కుటుంబానికి నా ఓటు అద్దె ఇంటికే. రెండు రాత్రుల పైన ఉండేటట్టయితే మరీను. ఫిల్మ్ సిటీ ఒక్కటే చూసి వెళ్లిపోయేవాళ్లకైతే లోపలి హోటల్, తిరిగే రోజు రాత్రికి. ఒక రాత్రి లోపల, తర్వాతి రెండు రాత్రులు ఇంట్లో అని పంచుకోవడం కూడా బాగానే ఉంటుంది, కానీ 14 మంది సామాను మధ్యలో కట్టి విప్పే ఓపిక మీ ఇంట్లో ఎవరికుందో ముందే తేల్చుకోండి. ఆ పని చివరికి ఒకళ్లిద్దరి మీదే పడుతుంది.

సంక్రాంతికి ఇళ్లకి వెళ్లినవాళ్లంతా హైదరాబాద్ తిరిగి వచ్చే రోజుల్లో విజయవాడ హైవే మీద, పంతంగి టోల్ దగ్గర బండ్లు బారులు తీరుతాయి. ఆ రెండు మూడు రోజులు తప్పించి తేదీలు పెట్టుకోండి. వేసవి సెలవులకైతే ఇల్లు నెల ముందే చూసుకోవాలి. అడ్వాన్స్ కట్టే ముందు ఊళ్లో ఉన్న చుట్టాల్లో ఎవరినైనా ఒకసారి వెళ్లి చూసి రమ్మనండి. మెట్లు ఎన్ని ఉన్నాయో, కుళాయిలో నీళ్లు ఎలా వస్తున్నాయో ఫొటోల్లో తెలియదు.