ఫ్లోటింగ్ పాయింట్స్ 'క్యాస్కేడ్': ఇయర్‌ఫోన్స్ పెట్టుకునే వినండి

మహబూబ్‌నగర్ నుంచి కల్వకుర్తి పోయే బస్సులో, కిటికీ పక్కన కూర్చుని ఈ ఎలక్ట్రానిక్ మ్యూజిక్ ఆల్బమ్ మొదటిసారి విన్నాను, దిగాక ఇంటికి నడుస్తూ మళ్లీ మొదటి నుంచి పెట్టాను. 2021లో శాక్సఫోన్ దిగ్గజం ఫరో శాండర్స్‌తో 'ప్రామిసెస్' లాంటి నెమ్మదైన ఆల్బమ్ చేసిన శామ్ షెపర్డేనా (ఫ్లోటింగ్ పాయింట్స్ అసలు పేరు ఇదే) ఇది చేసింది అనిపించింది, ఎందుకంటే 2024 సెప్టెంబర్‌లో వచ్చిన ఈ 9 ట్రాక్‌ల ఆల్బమ్‌లో మొదటి నుంచే కిక్ డ్రమ్ దంచేస్తుంది.

నాకు బాగా పట్టేసింది 'బర్త్4000'. అందులో సింథసైజర్ బేస్ ఆగకుండా తిరుగుతుంటే, మా ఊరి బోనాల్లో డప్పుల పక్కన నిలబడితే కడుపులో తెలిసే దరువు గుర్తొచ్చింది, నిజంగా. చివరి 'అబ్లేజ్' దగ్గర జోరంతా తగ్గి మెల్లగా అయిపోతుంది, అదీ బాగుంది.

ఫోన్ స్పీకర్‌లో మాత్రం పెట్టకండి, ఆ బేస్ అసలు వినపడదు.