బొమ్మల తరగతిలో పెన్ టాబ్లెట్, డిజిటల్ బోర్డు: ఏడేళ్ళ వాడకం తర్వాత

నేను శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోని ఒక ఉన్నత పాఠశాలలో చిత్రలేఖనం బోధిస్తున్నాను. 2018 వేసవిలో సొంత డబ్బుతో తెర లేని పెన్ టాబ్లెట్ ఒకటి కొన్నాను. 2020లో బడులు మూతపడినప్పుడు పాఠాలన్నీ ఫోనులోకి మారాయి. 2023 చివరలో మా గదికి, అందరూ ఐఎఫ్‌పీ అని పిలిచే పెద్ద డిజిటల్ బోర్డు వచ్చింది. ఈ మూడింటితోనూ ఏడేళ్ళు పాఠం చెప్పిన అనుభవంతో ఈ సమీక్ష రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను: బొమ్మను చూపించడానికి వీటికి సాటి లేదు, బొమ్మ వేయించడానికి మాత్రం ఇవి సగం దూరమే వస్తాయి, ఆ సగం ఎక్కడ ముగుస్తుందో టీచరు కనిపెట్టుకోకపోతే నష్టపోయేది పిల్లలే.

మొదట పెన్ టాబ్లెట్ సంగతి. దీనిలో చెయ్యి బల్ల మీద కదులుతుంది, గీత లాప్‌టాప్ తెర మీద పడుతుంది, అంటే గీసేవారు తమ చేతిని చూడకుండా గీయాలి. పాతికేళ్ళుగా కుంచె పట్టిన నాకే ఇది అలవాటు కావడానికి మూడు వారాలు పట్టింది. పలక మీద బలపం కొసను చూస్తూ అక్షరాలు దిద్దిన పిల్లలకు ఇది మరీ వింతగా ఉంటుంది. ఆరో తరగతి పిల్లవాడు గుండ్రంగా సున్నా చుట్టబోతే అది కోడిగుడ్డు ఆకారంలోకి వెళ్ళిపోతుంది. పెన్ను 8192 స్థాయిల ఒత్తిడిని గుర్తిస్తుందని పెట్టె మీద రాసి ఉంది. నా చేతికి అది నిజంగానే ఉపయోగపడింది, గట్టిగా నొక్కితే గీత లావై, తేలికగా పట్టుకుంటే సన్నబడుతుంది. అయితే తరగతిలో 42 మంది ఉంటే టాబ్లెట్ ఒకటే ఉంది, పీరియడు 45 నిమిషాలు, తలకు నిమిషం చొప్పున ఇచ్చినా ఎవరి చేతికీ ఆ తేడా అందదు. గరుకైన టాబ్లెట్ పలక మీద పెన్ను ప్లాస్టిక్ మొన ఒక వాలుగా అరిగి పదునెక్కి, ఆ పలకనే గీరడం మొదలుపెడుతుంది. పెట్టెలో ఇచ్చిన మొనల్లో నాకు మిగిలింది ఒక్కటే.

కొన్న ఏడాదే, అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. మా ఊరికి కరెంటు రావడానికి చాలా రోజులు పట్టింది, టాబ్లెట్ బీరువాలోనే ఉండిపోయింది. బడి తెరిచాక పిల్లలు పొయ్యిలోని బొగ్గుముక్కలతో పడిపోయిన కొబ్బరిచెట్లను చార్టుల మీద వేశారు. అంతవరకు కింద నిలబడి తలెత్తి చూసిన చెట్టును మొదటిసారి మొవ్వు దాకా దగ్గరగా చూశారు కనుక మట్టలు ఎక్కడెక్కడ ఎలా పుడతాయో ఆ బొమ్మల్లో సరిగ్గా ఉంది. ఆ తర్వాత నేను డిజిటల్‌లో వేయించిన ఏ కొబ్బరిచెట్టులోనూ ఆ సంగతి కనబడలేదు.

లాక్‌డౌన్ పాఠాల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. వాట్సాప్‌లో వచ్చే ఫొటో కుదించుకుపోయి వస్తుంది, ట్యూబులైటు కింద తీసిన కాగితం నీలంగానూ బల్బు కింద తీసినది పసుపుగానూ కనిపిస్తుంది. అటువంటి ఫొటో చూసి నీటిరంగుల వాష్‌కు, అంటే పలుచని పూతకు, మార్కులు వేయడం అన్యాయమని తెలిసీ వేశాను.

నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టినది రంగుల పాఠం. ఏడో తరగతిలో నీలమూ పసుపూ కలిస్తే ఆకుపచ్చ వస్తుందని చెప్పి, డిజిటల్ బోర్డులోని ఒక బొమ్మల యాప్‌లో పసుపు పూసి, దాని మీద నీలాన్ని సగం పారదర్శకంగా పరిచాను. బూడిదరంగు వచ్చింది. పిల్లలు నవ్వారు, నేను తడబడ్డాను. ఇంటికి వెళ్ళి లెక్క చూసుకుంటే కారణం తేలింది. తెర మీది ప్రతి చుక్కా ఎరుపు, ఆకుపచ్చ, నీలం కాంతులను 0 నుంచి 255 వరకు ఉండే అంకెలతో కలుపుకొని తయారవుతుంది. నిండు పసుపులో ఎరుపు 255, ఆకుపచ్చ 255, నీలం సున్నా. నిండు నీలంలో మొదటి రెండూ సున్నా, మూడోది 255. రెండింటినీ సగం సగం కలిపితే మూడు అంకెలూ 128 దగ్గరకు వచ్చి నిలుస్తాయి, మూడు కాంతులూ సమానమైతే కంటికి కనిపించేది బూడిదరంగే. కాగితం మీద జరిగేది వేరు. అక్కడ రంగుపొడి తన మీద పడిన వెలుతురులో కొంత భాగాన్ని మింగేస్తుంది, నీలమూ పసుపూ రెండూ మింగకుండా వదిలేసేది ఆకుపచ్చ ఒక్కటే కనుక అదే మన కంటికి చేరుతుంది. నిజమైన రంగుపూత ఇలా కాంతిని మింగడాన్నీ చెదరగొట్టడాన్నీ లెక్కకట్టే కుబెల్కా–మంక్ సూత్రం 1931 నుంచే ఉంది, దానిని అనుసరించే బొమ్మల సాఫ్ట్‌వేర్లు కూడా ఇప్పుడు ఉన్నాయి, కాని బడి బోర్డులో ముందే వేసి ఇచ్చే యాప్‌లలో నాకు అది కనిపించలేదు. ఆ వారం నుంచి రంగులు కలపడం పింగాణీ పళ్ళెంలోనే చేయిస్తున్నాను. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రగా వస్తుందని మా పిల్లలకు పెళ్ళిళ్ళలో చూసి తెలుసు. తెర మీద అటువంటిదేదీ ఎన్నటికీ జరగదని వారికి ఇప్పుడు బాగా అర్థమైంది. (మన భాష కూడా ఈ పాఠంలో కొంత చిక్కు పెడుతుంది. ‘పచ్చ’ అనగానే సగం మంది పసుపుపచ్చ వైపూ సగం మంది ఆకుపచ్చ వైపూ చెయ్యి చాస్తారు.)

రంగుల విషయంలోనే మరొకటి. వడ్డాది పాపయ్యగారు 1921లో శ్రీకాకుళంలోనే పుట్టారు కనుక ఆయన బొమ్మలతో పాఠం మొదలుపెట్టడం నాకు అలవాటు. మా ఇంట్లో పాత చందమామల నుంచి దాచిన ఆయన ముఖచిత్రాలు కొన్ని ఉన్నాయి. ఒకదానిని నెట్‌లో వెతికి బోర్డు మీద చూపించి, అదే బొమ్మను ఐదుగురు టీచర్ల ఫోన్లలో తెరిపిస్తే, చీర రంగు ఐదింటిలో ఐదు రకాలుగా ఉంది, నా దగ్గరున్న అచ్చుకాగితం ఆ ఐదింటిలో దేనితోనూ కలవలేదు. అచ్చు కూడా అసలు బొమ్మ కాదన్నది వేరే మాట. తెర వెనుక నుంచి వెలుతురు వస్తుంది కనుక కాగితం తెల్లదనాన్ని వదిలేసి వేసిన పలుచని పూతలు దీపం పెట్టినట్టు వెలిగిపోతాయి, వాటిని చూసిన పిల్లలు తమ నీటిరంగులు అంత మెరవలేదని నిరాశపడతారు. ఇప్పుడు బోర్డు వెలుగును సగానికి తగ్గించి, పక్కనే అచ్చుకాగితం అంటించి చూపిస్తున్నాను.

బోర్డు యంత్రంగా ఎలా పనిచేస్తుందంటే, మాకు వచ్చినది అంచుల నుంచి పరారుణ కిరణాలు ప్రసరించే రకం. ఆ కిరణాలకు ఏది అడ్డు వచ్చినా వేలు తగిలినట్టే లెక్కిస్తుంది. నా చీర కొంగు తగిలినా గీత పడుతుంది, బొమ్మ వేస్తూ మణికట్టు ఆనిస్తే అక్కడొక మచ్చ పడుతుంది. వేలు అద్దాన్ని తాకక ముందే గీత మొదలవుతుంది కనుక ఒక పిల్లవాడు భయపడి, “నానింకా ముట్టుకోనేదు టీచర్, గీత పడిపోనాది” అన్నాడు. సన్నని గీతలు దీని మీద రావు. అంచుల్లో దుమ్ము చేరితే ఒక మూల పనిచేయడం మానేస్తుంది. మెత్తని పొడిబట్టతో వారానికోసారి తుడిస్తే సరిపోతుందని తెలియక మెకానిక్కు కోసం రెండు నెలలు ఎదురుచూశాం. కిటికీ ఎదురుగా బిగించడం వల్ల మధ్యాహ్నం పీరియడులో తెర మీద పిల్లల నీడలే కనిపిస్తాయి. ఇందులో తప్పు బోర్డుది కాదు, బిగించే రోజున మమ్మల్ని ఎవరూ అడగలేదు.

ఇంత చెప్పినా ఆ బోర్డును నేను వదులుకోను. శ్రీముఖలింగంలోని మధుకేశ్వరాలయ ద్వారబంధాల లతలను పెద్దవి చేసి చూపిస్తే వెనుక బెంచీ పిల్లలు కూడా ఆకు మెలికను గుర్తుపట్టి నోటుపుస్తకంలోకి దింపుకున్నారు, సుద్దముక్కతో నేను గంటసేపు కష్టపడినా అది సాధ్యం కాదు. చూపు మందంగా ఉన్న ఒక అమ్మాయి టాబ్లెట్‌లో బొమ్మను నాలుగింతలు చేసుకుని, తన జీవితంలో మొదటిసారి కళ్ళూ కనురెప్పలూ ఉన్న ముఖం వేసింది. తర్వాత పిల్లలను గుడికి తీసుకువెళ్ళినప్పుడు మాత్రం వారు వెతికిన లత ఎంతసేపటికీ దొరకలేదు. తెర నిండా చూసినది రాతి మీద జానెడు కూడా లేదు. బోర్డు అన్నిటినీ ఒకే సైజు చేస్తుంది. అప్పటి నుంచి ఏ శిల్పం చూపించినా పక్కన మనిషి నిలబడిన ఫొటో ఒకటి తప్పక పెడుతున్నాను.

ఈ మధ్య పిల్లలు ఏఐతో బొమ్మలు చేయించుకుని తెస్తున్నారు. మన కొండల్లోని సవర గిరిజనుల చిత్రం తెమ్మంటే తొమ్మిదో తరగతి అబ్బాయి తెచ్చినది చూడగానే మహారాష్ట్ర గిరిజనుల వార్లీ బొమ్మ అని తెలిసిపోయింది: రెండు త్రికోణాల మొనలు కలిపిన నడుములు, చుట్టూ అంచు లేదు. సవరల బొమ్మలో మనుషులు పొడవుగా సాగి ఉంటారు, ఆ త్రికోణాలు అంత కరుకుగా ఉండవు, ముందు చుట్టూ అంచు వేసుకుని అక్కడి నుంచి లోపలికి నింపుకుంటూ వస్తారు. 2022లో పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్ళిన సీతంపేట మాకు ఎంతో దూరం కాదు, ఎర్రమట్టి అలికిన గోడ మీద బియ్యప్పిండితో వేసే ఈ బొమ్మలు అక్కడి సవరలవే. యంత్రానికి మహారాష్ట్ర బొమ్మ తెలిసినంతగా మన పక్క కొండ బొమ్మ తెలియదు. అబ్బాయిని తిట్టలేదు. రెండింటినీ పక్కపక్కన పెట్టి తేడాలు రాయించాను, ఈ ఏడాది నేను చెప్పిన పాఠాల్లో అదే బాగా కుదిరింది.

చివరగా, వేసిన గీతను వెనక్కి తీసుకునే అన్‌డూ బొత్తాం. టాబ్లెట్‌కు అలవాటుపడిన పిల్లలు కాగితం మీద గీత తప్పగానే ఆగిపోయి నా వైపు చూస్తారు. తప్పిన గీతను కొమ్మగా మార్చుకోవడం, చెదిరిన నీటిచుక్కను మబ్బుగా వాడుకోవడం చెయ్యితిరిగిన చిత్రకారులు రోజూ చేసే పని. వెనక్కి తీసుకునే వీలు ఉన్నంతకాలం ఆ నేర్పు రాదు. అందుకని టాబ్లెట్‌లో కూడా పది నిమిషాలు అన్‌డూ వాడకూడదని నియమం పెట్టాను, దానిని నాకన్నా పిల్లలే గట్టిగా అమలు చేస్తున్నారు.

కొనదలచిన టీచర్లకు నా సలహా: తెర లేని టాబ్లెట్ ఒక్కటి మీ కోసం కొనుక్కోండి, పిల్లల కోసమైతే ఆ డబ్బుకు కుంచెలూ మంచి డ్రాయింగు షీట్లూ కొనండి. సాఫ్ట్‌వేరు కోసం ఖర్చు పెట్టనక్కరలేదు, ఉచితంగా దొరికే ‘క్రిత’ (Krita) అనే బొమ్మల సాఫ్ట్‌వేరు నాకు ఇన్నేళ్ళూ సరిపోయింది. బోర్డు వస్తే బిగించక ముందే కిటికీ ఏ వైపు ఉందో చూసుకోండి. ఈ ఏడాది మా పిల్లలు ఆరుగురు లోయర్ గ్రేడు డ్రాయింగు పరీక్షకు వెళ్తున్నారు, అది పూర్తిగా కాగితం మీదే రాయాలి కనుక వచ్చే నెల నుంచి టాబ్లెట్ మళ్ళీ బీరువాలోకి వెళ్తుంది.